మస్తానప్ప తాగిన నీళ్లు

దీన్ని ఇన్నేళ్లూ మోశాను. తల మీది బరువైతే గట్టున దించి కాసేపు కూర్చోవచ్చు. ఇది కడుపులో ఉండే బరువు. పగటిపూట ఎవరైనా పరుగెత్తుకుంటూ మా వాకిట్లోకి వస్తే నేను ఇప్పటికీ చేతిలో పని వదిలేసి లోపలికి పోతాను. వచ్చినవాడు కొడవలి అడగడానికో, కాస్త మజ్జిగకో వచ్చి ఉంటాడు. నాకు మాత్రం మస్తానప్పే వచ్చినట్టు ఉంటుంది. నా పేరు మీకు చెప్పను. ధైర్యం లేకే చెప్పడం లేదు, వేరే కారణం వెతకకండి. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. సగంలో ఆపేస్తానేమోనని కూడా భయంగా ఉంది.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. నల్లరేగడి చేలు, జొన్న, పత్తి. నాకు పెళ్లీడు వచ్చినప్పుడు మా అమ్మ నా జాతకం పట్టుకుని బద్వేలులో ఒక జ్యోతిష్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చాలాసేపు వేళ్ల మీద లెక్కలు కట్టి, నాకు సర్పదోషం ఉందనీ, రాహుదశలో పాముతో ప్రాణగండం ఉందనీ చెప్పాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు మారిపోయింది. చొప్పవామిలో చెయ్యి పెట్టలేను. చేనికి పోతే ముందు కట్టెతో నేల కొట్టుకుంటూ పోవాలి. తాడు కనపడినా ఉలిక్కిపడేవాణ్ణి. పాము పేరెత్తితే పంచె తడుపుకుంటాడని తోటివాళ్లు ఎగతాళి చేస్తే నేనూ నవ్వేవాణ్ణి. నిజమే కదా మరి.

తర్వాత్తర్వాత అందరూ నా భక్తి అనుకున్నది ఆ భయమే. మహానందిలో మునిగాను. అహోబిలం ఎక్కాను. నాగప్రతిష్ఠ చేయించాను. ఒక శివరాత్రికి ఆత్మకూరు మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం పోయాను. ఆ దారిలో ఒక చెంచుగూడెంలో దేవర పూనే పెద్దాయన కనిపించాడు. డప్పు మోగుతుంటే ఊగిపోతూ, ఎవరికి ఏ రోగమో, ఎవరు ఏ మొక్కు ఎగ్గొట్టారో చెప్పేవాడు. పూనకం దిగితే మామూలు ముసలాయన, చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఆయనకు పాముమంత్రం వచ్చు. ఆ మంత్రం ఉన్నవాణ్ణి పాము ముట్టదని నేను ఎక్కడో విని ఉన్నాను. దర్శనం చేసుకుని తిరిగి వస్తూ ఆ గూడెంలోనే ఉండిపోయాను. కట్టెలు కొట్టాను, నీళ్లు మోశాను. చివరికి గ్రహణం పట్టిన రోజు నన్ను వాగులో మొలలోతున నిలబెట్టి మంత్రం ఇచ్చాడు. గ్రహణం విడిచేదాకా జపిస్తూ నిలబడ్డాను. నీళ్లలో కాలికి ఏది తగిలినా ప్రాణం పోయేది, అయినా బయటికి రాలేదు. ఆ ఒక్క పనీ నిజాయతీగా చేశాను.

ఆయన పెట్టిన కట్టుబాట్లు చాలా తక్కువ. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు. కబురు వస్తే విస్తట్లో అన్నం వదిలిపెట్టి పోవాలి. కబురు తెచ్చినవాడి చెంప మీద మంత్రించి ఒక దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బకు, అక్కడ పాముకాటు తిన్నవాడి ఒంట్లో విషం నిలిచిపోతుంది. "దెబ్బ విసాన్ని పట్టి పెడతాది, అంతే. దించేది నువ్వు పోయినంకనే," అన్నాడు. ఆ మాట నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవలసింది ఇంత ఉండేది కాదు.

ఊరికి వచ్చాక పేరు వచ్చింది. కొందరికి తగ్గింది. కరిచింది నాగుపామో, విషం లేని నీరుకట్టో ఎవరు చూశారు? తగ్గింది, అంతే. పెద్దవాళ్లు కూడా సామీ అని నాకు చేతులెత్తారు. లోపలి పిరికివాడు మాత్రం అట్లాగే ఉన్నాడు. కరిచిన పామును చంపేశారని రూఢి చేసుకున్నాకే నేను ఆ ఇంటి గడప తొక్కేవాణ్ణి. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. గమనిస్తారేమోనని నేను మాత్రం ప్రతిసారీ వణికాను.

మస్తానప్ప కుందేరు అవతలి ఊరివాడు, దూదేకులాయన. ఏటా పత్తి ఇంటికి చేరాక విల్లు భుజాన వేసుకుని వచ్చి, మా వసారాలో దూది ఏకి పరుపులు కుట్టి పోయేవాడు. నవ్వితే మీసాల మీది దూది లేచేది. ఆయనకు ఒక్కడే కొడుకు, దస్తగిరి. కొత్తగా పెళ్లయింది. కౌలుకు చేను చేసుకునేవాడు.

కర్నూలు రాజధాని అయిందని ఊళ్లలో గొప్పగా చెప్పుకుంటున్న రోజులు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. అన్నానికి కూర్చోబోతున్నాను. మస్తానప్ప పరుగెత్తుకుంటూ వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

"సామీ, దస్తగిరిని పాము కొట్టినాది. చొప్ప తీస్తాంటే."

"పామును సంపినారా?"

"లేదు సామీ. మళ్లా వామిలోకే దూరినాది."

ఆ వామి వాళ్ల ఇంటి గోడకు ఆనుకుని ఉంటుంది, నేను చూశాను. నాకేమో రాహుదశ నడుస్తోంది. మంత్రం చదివి ఆయన చెంప మీద కొట్టాను. తూలాడు. మళ్లీ నిలదొక్కుకుని పోదాం రమ్మని చేతులు జోడించాడు.

"నేను వచ్చే పన్లేదు. ఈన్నుంచే దింపినా. నువ్వు పోయేసరికి లేసి కూచోనింటాడు."

ఆయన కదల్లేదు. "నంద్యాల బస్సు వచ్చే యాళైతాండాది సామీ. ఆస్పత్రికి ఎక్కించమంటావా?"

"ఎక్కించాకు. కదిలిస్తే విసం తలకెక్కుతాది."

ఎందుకన్నాను ఆ మాట? ఎన్నిసార్లు అడుక్కున్నానో. ఆస్పత్రికి పొమ్మంటే నా మంత్రం మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. వద్దంటే నేనే లేచి పోవాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, అలాంటి మాట కోసం వెతికాను. ఇట్టే దొరికింది. ఆయన నమ్మి, వచ్చినట్టే పరుగెత్తుకుంటూ పోయాడు. ముద్ద దిగలేదని మీతో చెప్పాలని ఉంది. తిన్నాను. పెరుగన్నం కూడా తిన్నాను.

పొద్దు వాలేటప్పటికి ఆ ఊరి మనిషి వచ్చాడు. దస్తగిరి పోయాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అయ్యో అని కాదు. పామును చంపారా అని అడిగాను. వామి విప్పి చంపారని చెప్పాడు. అప్పుడు బయలుదేరాను.

మస్తానప్ప ఇంటి ముందర ఊరంతా ఉంది. కొడుకు పక్కన తల్లి కూర్చుని ఉంది, ఏడుపు కూడా అయిపోయిన మనిషిలాగా. ఆ పిల్ల, కొత్త కోడలు, గోడకు తల ఆనించి ఉంది. జనంలో ఎవరో అడిగారు, ఏల దిగలేదు సామీ అని. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగారు. అందరూ నా మొహమే చూస్తున్నారు. మీద పడి కొడతారని భయం వేసింది. అంతకంటే, నా భయం వాళ్లకు కనపడిపోతుందేమోనని భయం వేసింది. ఏదో ఒకటి చెప్పాలి. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మస్తానప్పా, పొయ్యేటప్పుడు దారిలో ఏమన్నా నోట్లో ఏసుకున్నావా?"

అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. చెంచు పెద్దాయన చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. ఆ క్షణంలో నేనే పుట్టించాను.

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పి తప్పించుకుని ఉండవచ్చు, కానీ అబద్ధం చెప్పడం రాని మనిషి. కుందేటి ఇసుకలో గుంత తీసిన చెలమలు ఉంటాయి, ఎండాకాలం ఊరంతా ఆ నీళ్లే తాగేది.

"నీళ్లు తాగినా సామీ. చెలమ కాడ. నోరు ఎండకపోయినాది."

"కబురు మోసేటోడు పచ్చి నీళ్లు ముట్టగూడదు. దెబ్బ నీళ్లపాలాయ."

"నాకు తెల్దు సామీ," అన్నాడు. "నాకు తెల్దు."

ఆయన భార్య తల తిప్పి ఆయన్ను చూసింది. ఊరంతా నా మీద నుంచి ఆయన మీదికి చూపు తిప్పింది. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో అదే అసలు చెప్పవలసింది. నాకు ఊపిరి ఆడింది. బతికిపోయాననుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో భార్య ఆయనకు చేతికి నీళ్లు ఇవ్వలేదంట. అన్నం పెట్టేది, పక్కన చెంబు పెట్టేది కాదు. ఆయన నీళ్లు ఆయనే ముంచుకునేవాడు. ఈ సంగతి మా ఇంట్లో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆయన మళ్లీ మా ఇంటికి దూది ఏకడానికి వచ్చాడు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. ఎండలో దూది ఏకుతూ పొద్దంతా అట్లాగే గడిపాడు. నేను లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు కదా? తలుపు తీసి నాలుగడుగులు వేస్తే చాలు కదా? చెప్పలేదు. గుళ్లకు పోయాను. తిరుపతిలో గుండు చేయించుకున్నాను, కడపలో దర్గా ముందర మోకాళ్ల మీద కూర్చున్నాను. అన్ని చోట్లా కళ్లు మూసుకుని ఒప్పుకున్నాను. దేవుళ్లకు చెప్పుకోవడం సులువు, వాళ్లు మస్తానప్పతో చెప్పరు. బద్వేలు జ్యోతిష్యుడి దగ్గరికి కూడా పోయాను. ఆయన జాతకం చూసి, గండం గడిచిపోయింది నాయనా, ఇంక భయం లేదన్నాడు. గడిచిపోయి ఎవరి మీద పడింది? నన్ను వెతుక్కుంటూ వచ్చిన పాము ఆ పిల్లవాణ్ణి కాటేసిందా? ఆ ఊహ వచ్చిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. గురువు వద్దన్నాడని ఇంకో అబద్ధం చెప్పి మంత్రం వదిలేశాను.

మంత్రం నిజమైతే, నేను పోకపోవడం వల్ల ఆ పిల్లవాడు పోయాడు. మంత్రం ఉత్తదైతే, నేను బస్సు ఎక్కనివ్వకపోవడం వల్ల పోయాడు. ఎటు తిప్పి చూసినా నేనే ఉన్నాను. ఆస్పత్రికి పోయినా బతికేవాడు కాదేమోనని ఒక్కోసారి నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అట్లా అనుకున్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. నేను పుట్టించిన కట్టుబాటు చచ్చిపోలేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో పాముకాటు కబురు మోసేవాళ్లు ఎంత ఎండలోనైనా గుక్కెడు నీళ్లు ముట్టరు. మస్తానప్ప కథ చెప్పి మరీ పిల్లలకు నేర్పుతారు.

రాజధాని హైదరాబాదుకు పోయాక, ఒక ఏడాది వానాకాలంలో మస్తానప్ప మంచాన పడ్డాడనీ, నన్ను చూడాలంటున్నాడనీ తెలిసింది. ఈసారి చెప్పేస్తాననే పోయాను, నమ్మండి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన మంచం అంచున కూర్చున్నాను. చిక్కి చిన్నపిల్లవాడిలా అయిపోయాడు. నేను నోరు తెరిచేలోపే రెండు చేతులూ ఎత్తి నాకు మొక్కాడు. "నీ మంత్రం చెడగొట్టినా సామీ. నన్ను మాఫ్ చెయ్," అన్నాడు.

వాకిలి దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. నేను చెప్పాలనుకున్నది ఆమె కూడా వింటుంది. ఆయన చేతులు పట్టుకున్నాను.

"మాఫ్ చేసినా," అన్నాను.

ఆయన మొహం తేటపడింది. కళ్లు మూసుకున్నాడు. వారం తిరగకుండా పోయాడు. ప్రశాంతంగా పోయాడు కదా, నిజం చెప్పి ఉంటే ఆ శాంతి కూడా దక్కేది కాదు కదా అని చాలాకాలం అనుకున్నాను. అది అబద్ధం. ఆమె ముందర నిజం చెప్పడానికి భయపడ్డాను. కొడుకును పోగొట్టుకున్న మనిషిని, ఆ కొడుకు చావుకు కారణమైన నేను క్షమించాను. నా భయాలన్నిటిలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. చచ్చాక ఎక్కడైనా ఆయన నాకు ఎదురుపడతాడని.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడం ఎంత చౌకైన పనో నాకు తెలుసు. మీరు విన్నారు, నాకు అది చాలు. ఇంతవరకు ఏ మనిషి ముందరా పైకి అనని మాట ఇప్పుడు అంటున్నాను. మస్తానప్ప ఏ తప్పూ చేయలేదు. ఎండలో పరుగెత్తాడు, దప్పికైంది, నీళ్లు తాగాడు.