హడ్సన్ అఖాతం గురించి ఇరవై నిమిషాలు

మా వీధి చివరింటి అంకుల్ ఇక లేరు. పోయిన మంగళవారం పొద్దున వాకింగ్‌కి బయలుదేరుతూ, బూట్లు తొడుక్కుంటూనే కుప్పకూలిపోయారు. సిడ్నీలో మా కెల్లీవిల్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టాల్సింది తెలుగు సంఘం సెక్రటరీనైన నేనే. నాలుగుసార్లు టైప్ చేసి చెరిపేశాను. ఏడుపు ఒక్కటే కారణం కాదు, సిగ్గు కూడా. ఎందుకో చెబుతాను.

ఆయనది కాకినాడ. ఇక్కడ యూనివర్సిటీలో ముప్ఫై ఏళ్లు భూగోళశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఉక్కపోతలో పెరిగిన ఆ మనిషి ఎక్కడో కెనడా ఉత్తరాన, ఏడాదిలో సగానికి పైగా గడ్డకట్టి ఉండే హడ్సన్ అఖాతం మీద మనసు పారేసుకున్నారు. అక్కడికి ఒక్కసారీ వెళ్లలేదు. సిడ్నీ జులై చలికే రెండు స్వెట్టర్లు వేసుకునేవారు. ఏడిపిస్తే నవ్వేసేవారు.

పార్కులో బార్బెక్యూ జరుగుతుంటే అందరూ ఇళ్ల ధరల గురించి మాట్లాడుకునేవాళ్లు. అంకుల్ మాత్రం పేపర్ నాప్కిన్ మీద అఖాతం గీసి, తూర్పున సన్నటి జలసంధి చూపించేవారు. ఇంగ్లండ్ నుంచి సరుకుల ఓడ ఏడాదికొకసారి, మంచు కరిగిన రెండు మూడు నెలల్లోనే ఆ దారిన వచ్చేదట.

"వాట్ ఇఫ్ ఇట్ డిడ్నాట్ కమ్?" అని మా అమ్మాయి అడిగింది.

"ఇంకో ఏడాది ఆగాలి తల్లీ. రేప్పొద్దున డెలివరీ అంటే కుదరదు కదా!"

ఓ ఆదివారం మా ఇంట్లో టిఫిన్ చేస్తూ ఇడ్లీని వేలితో నొక్కి వదిలారు. అది మెల్లగా పైకి లేచింది. ఒకప్పుడు మైళ్ల మందాన పేరుకున్న మంచు ఆ నేలని అలాగే నొక్కేసిందట. మంచు కరిగి వేల ఏళ్లయినా నేల ఇంకా లేస్తూనే ఉందట, సముద్రం వెనక్కి జరుగుతూనే ఉందట. ఆ ఇడ్లీ చల్లారిపోయిందని వాళ్లావిడ, ఆంటీ, విసుక్కుని ఇంకోటి వేశారు.

వ్యాపారం కథ ఇంకా ఇష్టంగా చెప్పేవారు. నదుల్లో ఆనకట్టలు కట్టుకునే బీవర్ అనే జంతువు బొచ్చుతో యూరప్ దొరలకి టోపీలు తయారయ్యేవి. ఇంగ్లండ్ తోళ్ల వ్యాపార కంపెనీవాళ్లు నదులు అఖాతంలో కలిసేచోట కోటలు కట్టుకుని కూర్చుంటే, లోపలి అడవుల నుంచి అక్కడి జనం పడవల నిండా తోళ్లు తెచ్చి కెటిల్స్, కంబళ్లు, తుపాకులు పట్టుకెళ్లేవాళ్లు. కానీ వస్తూనే బేరం ఉండేది కాదు. ముందు కానుకలిచ్చుకోవాలి, కలిసి పొగాకు తాగాలి, పెద్దలు మాట్లాడాలి. ఆ పద్ధతి అంకుల్‌కి బాగా ఒంటబట్టింది. డ్రిల్లింగ్ మిషన్ కోసం వెళ్లినా కూర్చోబెట్టి, కాఫీ తాగించి, మా అమ్మ మోకాళ్ల సంగతి అడిగాక గానీ ఇచ్చేవారు కాదు.

రెండేళ్ల క్రితం అలా కాఫీ తాగుతున్నప్పుడే అన్నారు. "నేనో తప్పు చెప్పేనమ్మా. ముప్ఫై ఏళ్లు క్లాసులో అదే చెప్పేను."

లోపలి నదుల్ని, సరస్సుల్ని కంపెనీ మనుషులే కనిపెట్టి పటాలకెక్కించారని ఆయన చెప్పేవారట. రిటైరయ్యాక అవే పాత కంపెనీ కాగితాలు తీరిగ్గా చదివితే వేరే సంగతి కనిపించింది. ఆ దారుల్ని కంపెనీవాళ్లకి బొగ్గుతోనో, ఇసుకలో పుల్లతోనో గీసి చూపించింది అక్కడి వేటగాళ్లే.

"ఆ ముక్క ముందు నుంచీ అందులోనే ఉందమ్మా. నేనే దాటేసి చదివేను. మన తెలుగువాళ్లలోనే నా స్టూడెంట్స్ బోల్డుమంది ఈ చుట్టుపక్కల ఉన్నారు, కొందరు టీచర్లయ్యేరు కూడాను. వాళ్ల ముందు నిలబడి తప్పని ఒప్పుకోవాలి. మన ఫంక్షన్‌లో ఓ ట్వెంటీ మినిట్స్ ఇప్పించు చాలు."

"దానికేం అంకుల్, ష్యూర్‌గా," అన్నాను.

ఉగాదికి పిల్లల డాన్సులు గంటన్నర ఆలస్యమయ్యాయి. దీపావళికి లక్కీ డ్రా సాగింది. మన సభల్లో ఉపన్యాసానికి ఎప్పుడూ పట్టే గతే దానికీ పట్టింది. "సమయాభావం వల్ల" అని మైకులో చెప్పింది నేనే. మళ్లీ ఉగాదికి ఆయన టై కట్టుకుని కాగితాలతో స్టేజీ పక్కనే నిలబడ్డారు. మూడోసారీ అదే మాట చెప్పాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరకొచ్చి, "పర్లేదమ్మా, పిల్లలు బా చేసేరు," అన్నారు. హమ్మయ్య, ఏమీ అనుకోలేదు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆదివారం అదే హాల్లో సంతాపసభ పెట్టాం. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆంటీని అడిగి ఆ కాగితాలు తెచ్చుకున్నాను. ఆయన మంచితనం గురించి నేను చెప్పేదేముంది? ఆయన ఉపన్యాసమే చదివాను. వెనక వరసల్లో జుట్టు నెరిసిన ఆయన స్టూడెంట్స్ కూర్చున్నారు. ఎవరూ గడియారం చూడలేదు.

చదువుతూ చదువుతూ తలెత్తితే ముందు వరసలో ఆంటీ పెదవులు కదులుతున్నాయి. నాకంటే ఒక మాట ముందే ఉన్నారు.

ఏడో కాగితం వాక్యం మధ్యలో ఆగిపోయింది. తిప్పి చూశాను. ఖాళీ.

"ఇంతవరకే ఉంది ఆంటీ," అన్నాను.

"అక్కర్లేదమ్మా, నాకొచ్చు. ఇంట్లో రోజూ నాకే చెప్పి చూసుకునేవారు."

లేచి నిలబడి, మైకు లేకుండానే అందుకున్నారు. "...ఆ గీతలు గీసినవాళ్ల పేర్లు కంపెనీవాళ్లు చాలాచోట్ల రాసుకోలేదు. ముప్ఫై ఏళ్లపాటు నేనూ వెతకలేదు. నా దగ్గర చదువుకున్నవాళ్లకి తప్పు చెప్పాను. దయచేసి దిద్దుకోండి. సెలవు."

ఆంటీ కూర్చోలేదు. ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని హాలంతా చూస్తూ అలాగే నిలబడ్డారు.