అవ్వ దాచుకున్న నడుము

లెక్చరర్‌గా పదవీ విరమణ చేసిన నాటి నుంచి నాకిక పై అధికారి లేడని సంబరపడుతుంటే, మా అమ్మాయి మొన్న కరీంనగర్ వచ్చినప్పుడు ఒక గడియారం నా మణికట్టుకు కట్టి వెళ్ళింది. గంటసేపు కుర్చీలోంచి కదలకపోతే అది చేతి మీద గిలిగింత పెట్టి లేవమంటుంది. షుగరు, బీపీ, మోకాళ్ళు మూడూ డాక్టరుకు అప్పగించినవాణ్ణి కనుక ఎదురు చెప్పకుండా లేస్తాను. నిన్న సాయంత్రం మా బావమరిది వచ్చి, నా రిటైర్మెంటు సొమ్మంతా బ్యాంకులో నిద్రపోతోందని జాలిపడి, బైపాసు పక్కన కొత్త వెంచర్లో పెడితే చూస్తుండగానే రెండింతలవుతుందని వివరిస్తున్నప్పుడు సరిగ్గా అది గిలిగింత పెట్టింది. లేచి నిలబడ్డాను. నిలబడగానే మా అమ్మ, మా వైపు మాటలో అవ్వ, గుర్తొచ్చింది.

మన వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మా నేత పట్టణంలో అప్పట్లో మగవాళ్ళు షెడ్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవారు. ఆడవాళ్ళు గడప ముందర బీడీలు చుట్టేవారు. బాపు నడిపినవి పరాయివాళ్ళ సాంచాలు. అవ్వ ఒళ్ళో చాట, చాటలో ఆదిలాబాదు అడవుల తునికాకు, దాని మీదికి పొద్దంతా వంచిన నడుము. కొన్ని కట్టలు కాగానే చాట దింపి, చెంబుతో నీళ్ళు తీసుకొని సందు చివరి షెడ్డు దాకా నడిచేది. ఆ చప్పుడులో పిలిస్తే వినపడదు కనుక గుమ్మంలో నిలబడేది. బాపు తలెత్తి చూసి, ఒకసారి తల ఊపి, వచ్చి నీళ్ళు తాగేవాడు. వాళ్ళ దాంపత్యంలో సంభాషణ చాలావరకు అదే.

అవ్వ కూలిలో కొంత నెలనెలా పీఎఫ్‌లో పడేది. వాడలో దానికొక పద్ధతి ఉండేది. బిడ్డ పెండ్లికో, కొడుకు దుబాయి వీసాకో అవసరం పడితే, పని మానేసినట్టు రాసిచ్చి మొత్తం తీసుకొని, మరుసటి వారమే తోడికోడలి పేరు మీద మళ్ళీ చుట్టడం మొదలుపెట్టేవారు. కాగితాల ప్రకారం మా వాడలో పని మానేయని ఆడమనిషి లేదు. చూడబోతే ఏ గడప ముందరా ఖాళీ చాట లేదు.

నేను డిగ్రీలో ఉండగా బాపు కూడా ఆ పద్ధతే తలపెట్టాడు, అవ్వ పీఎఫ్‌తో రెండు పాత సాంచాలు కొందామని. పరాయి షెడ్డులో జీవితమంతా నిలబడినవాడికి అది పెద్ద ఆశేమీ కాదు.

“సాంచాలు మనయైతే ముసల్తనంల ఫికరుండదే,” అన్నాడు.

అవ్వ చేతులు ఆపలేదు. “సాంచ నడవాలంటె నువ్వు నిలబడాలె. నిలబడలేని నాడు ఏం తింటం? నా నడుము పోయినంక గా పైసలే నా నడుము. నేనియ్య.”

కామర్సు చదువుతున్న నన్ను ఇద్దరూ సలహా అడగలేదు. ఇంటికి అది మంచిదే అయింది.

బాపు మాట్లాడటం మానేశాడు. చుట్టాలు వచ్చి అవ్వను పిసినారి అన్నారు, మొగని ఎదుగుదల ఓర్వనిదన్నారు. అవ్వ మాత్రం ఎప్పటిలాగే చెంబుతో షెడ్డుకు వెళ్ళేది. బాపు తలెత్తేవాడు కాదు. ఎత్తేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడేది. అది ఎండాకాలం, రేకుల షెడ్డు. వాతావరణం అవ్వ పక్షాన ఉండేది.

పత్తి దుమ్ము పోతుందని బాపు రోజూ బెల్లంముక్క తినేవాడు గాని, ఊపిరితిత్తులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. దమ్ము, అదే ఆయాసం, పట్టుకొని అనుకున్నదానికన్నా ముందే షెడ్డు మానేశాడు. అప్పటికి, పీఎఫ్ తీయకుండా ఉంచినందుకు, అవ్వ పింఛను మొదలైంది. చెప్పుకోదగ్గ మొత్తమేమీ కాదు, కానీ మందులకూ పాలకూ ఎవరి ముందూ చెయ్యి చాపనివ్వలేదు. లెక్చరర్‌గా చేరిన ఇచ్చోడ కాలేజీ నుంచి నేను పంపినదాన్ని అవ్వ నా పేరుకే దాచేది. డాక్టరు నడవమన్నాడని బాపు పింఛను రోజున ఆమె వెంట బ్యాంకుదాకా ఆగి ఆగి నడిచేవాడు. ఎదురైన ప్రతివాడికీ అడగకుండానే చెప్పేవాడు, “మా ఇంట్ల నౌకరి చేసి రిటైరైంది ఈమెనే.”

బావమరిదికి అవ్వ మాటనే చెప్పాను, ఇయ్యనని. నాకు ముందుచూపు లేదని బాధపడి, చాయ్ తాగి వెళ్ళాడు. బ్యాంకులో సొమ్ము బ్యాంకులోనే ఉంటుంది. నేను మాత్రం రోజూ సందు చివరిదాకా నడుస్తాను. నడిచి వచ్చినందుకు గడియారం మీద పచ్చని చక్రమొకటి వెలుగుతుంది. మంచిదే. కానీ సందు చివర ఎవరో ఒకరు పని ఆపి, తలెత్తి, ఒకసారి తల ఊపితే ఎలా ఉంటుందో ఆ గడియారం చేసినవాళ్ళకు తెలిసినట్టు లేదు. అయినా లేస్తున్నాను.