ఏడుపు వినబడని నాకు బిడ్డ ఆకలి తెలిసిన తీరు

ఆ పొద్దు నేను గోడపక్కకు తిరిగి పడుకోనుండాను. ఉన్నట్టుండి మా అత్త వచ్చి భుజం పట్టి కుదిపింది. తిరిగి చూస్తే పక్కలో పసిబిడ్డ మొగం ఎర్రగా కందిపోయి, నోరు తెరిచి, కాళ్లు తన్నుకుంటా ఉంది. ఎంతసేపుగా ఏడుస్తోందో నాకు తెలీదు. పెండ్లయిన మరుసటేడు టైఫాయిడ్ జ్వరంలో నా రెండు చెవులూ పోయినాయి. మాట మిగిలింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి చెప్పేది పట్టుకుంటాను.

రొమ్ము అందిస్తే బిడ్డ పట్టలేదు. తల వెనక్కి విరుచుకునింది. ప్రతిసారీ ఇదే. అత్తకు ఏడుపు వినబడితే పరుగెత్తుకొచ్చేది, నేను పాలియ్యబోయేదాన్ని, బిడ్డ పెనుగులాడి అలిసి నిద్రపోయేది. గుడ్డలు తడవడం తగ్గింది.

"నీకు పాలు చాల్లేదు," అనింది అత్త.

మాది కే.జీ.కండిగై అనే పల్లె. బండి కట్టుకొని తిరుత్తణి పోతే అక్కడి డాక్టరు తూకం చూసి, "వెయిట్ తగ్గింది, టిన్ను పాలు పోయండి" అన్నాడంట. మా ఆయన నా ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పినాడు.

టిన్ను పాలు మొదలుపెట్టిన కొద్దిదినాలకే బిడ్డకు భేదులు. కండ్లు లోపలికి పోయినాయి. రైలెక్కి తిరువళ్లూరు ఆసుపత్రికి ఎత్తుకుపోయినాము. "డీహైడ్రేషన్," అనింది లేడీ డాక్టరు. తొడకు సెలైన్ ఎక్కించినారు. వరండాలో అత్త మా ఆయనతో అంటోంది: "ఈ చెవిటిదాని చేతిలో బిడ్డ బతకదు నాయనా. మీ అక్కకిచ్చేద్దాం." తన పెదాలు నేను చూడలేదనుకునింది. మా ఆయన వద్దనలేదు. నాకు అదే ఎక్కువ భయమైంది.

భేదులు కట్టినాక డాక్టరు మళ్లీ రొమ్ముపాలే ఇమ్మనింది. వార్డులోకి అత్తను రానీలేదు. బిడ్డ ఏడిస్తే నాకు చెప్పేదెవరు? కూర్చోలేను, పడుకోలేను. అన్నం ముందర పెట్టుకొని కూడా బిడ్డ మీదనుంచి చూపు తిప్పలేదు. అట్లా చూస్తా ఉంటే, మొగం కందకముందే రెప్పల కింద కండ్లు కదిలినాయి. నాలుక బయటికొచ్చింది. తల అటూ ఇటూ తిప్పి, పిడికిలి నోట్లో పెట్టుకోబోయింది. వెంటనే ఎత్తుకున్నాను. పెనుగులాడకుండా పట్టుకునింది. గొంతు కదులుతోంది, మింగుతోంది!

ఒకసారి మాత్రం కునుకు పట్టింది. లేచేసరికి మళ్లీ మొగం కందిపోయింది, మళ్లీ పట్టలేదు. ఎదకానించుకొని ఊరకుండబెట్టినాకే తాగింది.

తూకం పెరిగింది. డాక్టరు మా ఆయనను పిలిచి, "మిల్క్ బాగా ఉంది. ఏడ్చినాక ఇస్తే లేట్. ఈమె ముందే చూస్తోంది," అనింది.

ఇంటికొచ్చినాక అత్త నొసలు ముడిచింది. "ఏడవని బిడ్డకు పాలెందుకే?"

"ఇట్లా కూర్చోని చూడత్తా," అని బిడ్డ నోరు చూపించినాను. చానాసేపు చూసింది. మరునాడు నేను వంటింట్లో ఉంటే వచ్చి ఎదురుగా నిలబడి, తన పిడికిలి నోటికాడ పెట్టి చూపించింది. పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తినాను.

పాప ఇప్పుడు నడుస్తోంది. ఏమన్నా చెప్పాలంటే నా గడ్డం పట్టి తన పక్కకు తిప్పుకుంటుంది. నాకు మాత్రం ఇంకా నిదానం రాలేదు. కనబడకుంటే యాడికి పోయిందోనని ఇల్లంతా తిరుగుతాను.

పసిబిడ్డ తల్లులకు ఒకటే చెప్తాను. చెవులు బాగుండేవాళ్లు కూడా ఏడుపు కోసం కాచుకోవద్దు. బిడ్డ పెదాలు చప్పరిస్తానే ఎత్తుకోండి.