గండికోటలో నా దుబాసీతనం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యాన ఒక మంచి ఊరు, ఏ పాపమూ ఎరుగని పరదేశపు ఆడమనిషి మీదికి కట్టెలు పట్టుకుని వచ్చింది. చెబుతాను, మీరు నవ్వండి. నాకు మాత్రం ముఖం ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మెక్సికో దేశపు దొరసాని ఒకామె గండికోట గుళ్లు చూడటానికి జమ్మలమడుగు వచ్చింది. ఆమె మాటలు తెలుగులో చెప్పే మనిషి కావాలన్నారు. ప్రొద్దుటూరులో బట్టలకొట్టు నడిపే మా నాయన, "మావాడు బీయే సదివినాడు" అని నన్ను అప్పజెప్పాడు. చదివింది నిజమే. తప్పింది ఇంగ్లీషులోనే అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

కోటలో పాడుబడిన గుడి ముందు కూర్చున్నాం. ఉసేనమ్మ అనే ముసలామె దొరసానికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. దొరసాని సంతోషంగా సంచిలోంచి తమ దేశపు ఫోటోలు తీసి చూపించింది. ఒకదాంట్లో అజ్‌టెక్‌లనే పాతకాలపు జనం కట్టిన గుడి, అన్నీ మెట్లే. ఇంకోదాంట్లో ఆమె పనిచేసే మ్యూజియంలోని రాతితొట్టి. దాని గురించి ఏదో చెబుతూ "యూజ్డ్ టు" అంది. ఆ మాటకు అలవాటు అని అర్థం ఉన్నట్టు నాకు లీలగా గుర్తు.

"ఏమంటాందప్పా?" అన్నాడు మేకలు కాసే పీరన్న. తలుపంత మనిషి.

"మనిషిని బలిచ్చి, గుండెకాయ ఆ తొట్లో ఏస్తారంట. వీళ్లకు అలవాటంట."

"ఇప్పుడు గూడానా?"

"అలవాటు యాడికి పోతాది!" అన్నాను, మహాపండితుడిలా.

ఇంతలో ఆమె లేచి బలిపీఠానికి టేపు పెట్టి కొలిచింది. పీరన్నను చూపించి, "ఐ వాంట్ టు టేక్ హిమ్ హియర్" అంది.

"పీరన్నా, నిన్ను ఈడ తీసుకోవాలంట."

"ఓర్నాయనో! కోటలో నిధికోసరం నన్ను బలిస్తాదంట!" అని అరుస్తూ పీరన్న మేకలకంటే ముందు ఊళ్లోకి దూకాడు.

క్షణంలో జనం. కట్టెలు. అందరి నోటా బలి, బలి. ఆ మాటకు అర్థమేమిటని దొరసాని అడిగింది. నిజం చెబితే నా పరువేం కాను? "వెల్‌కమ్" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఉసేనమ్మ వైపు తిరిగి చేతులు జోడించి, ఎంతో మర్యాదగా, "బలి! బలి!" అంది.

"యా అల్లా!" అంటూ ఉసేనమ్మ మజ్జిగచెంబు వెనక్కి లాక్కుంది.

దొరసాని బిత్తరపోయింది. సంచిలోంచి కెమెరా తీసి, ఫోటో తీయడం తప్పా అని నన్ను అడిగింది. అప్పుడు వెలిగింది నాకు, ఆమె తీసుకుంటానన్నది ఫోటో అని! "యూజ్డ్ టు" అంటే ఒకప్పుడు చేసేవాళ్లని కూడా అప్పుడే గుర్తొచ్చింది. సిగ్గుతో నేల చీలితే దూరిపోదునేమో. అది రాతినేల, చీల్లేదు. జనానికి అడ్డం నిలబడ్డాను.

"కొడితే నన్ను కొట్టండప్పా! ఆమె చెప్పింది ఎప్పుడో పాతకాలం కత. నాకే ఇంగ్లీషు సరిగా రాదు."

"రాకపోతే రాదనేదానికేం రోగం నీకు!" అని ఉసేనమ్మ నన్ను దులిపేసి, చెంబు మళ్లీ నింపి దొరసాని చేతిలో పెట్టింది. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. దొరసానికీ అంతా చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి పీరన్న తిరిగొచ్చి ఫోటోకు నిలబడ్డాడు, రెండు చేతులూ గుండెమీద గట్టిగా అదుముకుని.

"చేతులు దించు పీరన్నా, ఉత్త ఫోటోనే."

"ఆమె దించమంటే దించుతా. ఆ మాట నువ్వు చెప్తాండావే, అదే నా భయం!"

ఆ గుడి సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఒకరి మాట ఇంకొకరికి మోయనని. ఇంట్లో మా ఆవిడ "మీ అమ్మకు చెప్పండి" అన్నా, "నువ్వే పోయి చెప్పుకో" అంటాను.