పడవ వైపు చూడని మనిషి

డిగ్రీ రెండో ఏడాదిలో, బాపట్లలో మా కాలేజీకి ఒక సినిమా వచ్చింది. దాన్ని తీసినావిడ కూడా మద్రాసు నుంచి వచ్చారు. ఆడవాళ్లు సినిమాల్లో వేషాలు వేస్తారని తెలుసు గానీ, సినిమాలు తీస్తారని మాకు అప్పటిదాకా తెలియదు. నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం. ఆవిణ్ణి చూడటానికే సగం హాస్టలు కదిలింది.

నాకు మాత్రం వెళ్లాలని లేదు. సినిమా చేపలు పట్టేవాళ్ల గురించని నోటీసు బోర్డులో పెట్టారు. మా నాన్న సముద్రం మీదికి వెళ్లేవాడు. అమ్మ రేపల్లె బజారులో చేపల గంప ముందు కూర్చునేది. హాస్టల్లో ఎవరడిగినా మాది వ్యాపారమని చెప్పేదాన్ని. ఇంటి నుంచి వస్తూ తెనాలిలో రైలు మారేటప్పుడు, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, ఓణీ వాసన చూసుకుని మరీ బాపట్ల బండి ఎక్కేదాన్ని. సినిమాకు వెళ్లకపోతే ఎవరైనా అనుమానిస్తారేమోనని వెళ్లాను. ఎందుకు అనుమానిస్తారో నాకే తెలియదు.

హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. తెర మీద ఇసుక, వలలు, అచ్చం మా ఇంటి ముందున్నట్టే. ఒకచోట మొగుడు పడవను నీళ్లలోకి తోస్తుంటాడు. పెళ్లాం అటు చూడదు. సముద్రానికి వీపు పెట్టి, తల వంచుకుని వల చిక్కులు తీస్తుంటుంది. పడవ వెళ్లిపోయినా తల తిప్పదు.

సినిమా అయ్యాక చర్చ పెట్టారు. మా ఇంగ్లీషు లెక్చరర్ గారు లేచి, ఆమె అట్లా వీపు తిప్పడం మొగుడి పెత్తనం మీద తిరుగుబాటన్నారు. సినిమా తీసినావిడ సంతోషించారు. ఆమె నటి కాదని, సినిమా తీసిన ఊరి మనిషేనని చెప్పారు. పడవ వైపు చూడమని తను ఎంత చెప్పినా వినలేదట. ఆ కోపం నచ్చి అట్లాగే ఉంచేశారట. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. లేచి నిలబడ్డాను.

"అది కోపం కాదండి. మా ఇళ్లల్లో మగాళ్లు పడవెక్కేటప్పుడు ఆడాళ్లు చూడరండి. ఎక్కడికని కూడా అడగరు. చూస్తే మళ్లీ రారని భయమండి."

మా ఇళ్లల్లో అన్నానని కూర్చున్నాక గానీ తెలియలేదు. నా గదిలో ఉండే అమ్మాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అయితే నేను ఆమెను అర్థం చేసుకోలేదంటావా అమ్మా?" అన్నారు సినిమా తీసినావిడ.

అంత పెద్దావిడ నన్నట్లా అడిగితే గర్వపడాలో, భయపడాలో తోచలేదు. అవునండి అన్నాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మకు జరిగిందంతా చెప్పాను. మన సంగతి నలుగురిలో చెప్పానని తిడుతుందనుకున్నాను, లేదా మురిసిపోతుందనుకున్నాను. అమ్మ గంప కడుగుతూ అంతా విన్నది.

"ఆమెకు కోపం లేదని నీకెట్టా తెలుసు?" అంది.

"మనం చూడం కదమ్మా."

"చూడం. మీ నాన్న కొట్టి వెళ్లిన పొద్దున కూడా చూడలేదు. భయంతో మొహం తిప్పానో, కోపంతో తిప్పానో ఆయనకేం తెలుసు, నీకేం తెలుసు?"

నాన్న కొడతాడని నాకు అంతవరకు తెలియదు. పిల్లలకు ఆ పట్టింపు లేదు కాబట్టి చిన్నప్పుడు రోజూ అమ్మ పక్కనే నిలబడి, కనుమరుగయ్యేదాకా నాన్న పడవను చూసేదాన్ని. అమ్మ మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.