చిరివేరు ఎరుపుతో పెడన నుంచి హంసలదీవికి

జర్మనీతో యుద్ధం వచ్చాక పెడనలో ముందుగా కరువైంది ఎరుపు. అద్దకానికి వాడే అలిజరిన్ పొడి జర్మనీ నుంచి వచ్చేది. ఆ ఓడలు ఆగిపోయాయి. వేరే దేశాల సరుకు మద్రాసు రేవులో దిగినా, సుంకం పడి మా దాకా వచ్చేసరికి ధర ముట్టుకునేట్టు లేదు. అద్దకం పని చేసే మా మావయ్య వెంకయ్య, ఆ పొడి రాకముందు తన తండ్రి ఎరుపుకు వాడిన చిరివేరును వెతుక్కుంటూ దివిసీమ వెళ్లాడు. హంసలదీవి దగ్గర ఒక పల్లెకారుల ఊళ్లో నాగమ్మ అనే పెద్దావిడ పెరటి ఇసుకలో ఆ వేరు ఇంకా ఉంది. మనవరాలి పెళ్లిచీర అద్దివ్వాలన్న మాట మీద ఉన్న గోనెడు వేరూ తవ్వి ఇచ్చింది.

తీరా తెచ్చాక పొడి అలవాటు మావయ్య కొంప ముంచింది. బానలో నీళ్లు కళపెళ మరుగుతుంటే, పొడి వేసినట్టే వేరు వేసేశాడు. దానికి సన్నటి సెగ కావాలి. బట్టలన్నీ ఇటుకరంగుకు తిరిగాయి, మిగిలిన వేరు ఒక్క చీరకే సరిపోయింది. మావయ్య అది పెళ్లిచీరకే వాడాడు. దాన్ని అందివ్వడానికి బయలుదేరుతుంటే, బందరు బడిలో పాఠాలు చెప్పుకునే నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను.

పొద్దున్నే పెడనలో రైలెక్కి బందరులో దిగాం. బస్సు దగ్గర మావయ్యకు తెలిసిన బట్టల వర్తకుడు కాచుకుని ఉన్నాడు.

"వెంకయ్యా, ఆ చీర నాకివ్వవయ్యా. నమూనాగా పైదేశం పంపుతాను. బేరం కుదిరితే సుంకం ఎంతైనా కట్టి పొడి నేనే తెప్పిస్తాను. నీ బాన ఆగదు. వాళ్లకి ఇంకో మంచి చీర కొనిద్దాం."

మావయ్య చీర మూట ముడి మీద చెయ్యేశాడు. ఇచ్చేస్తాడనే అనుకున్నాను, ఇచ్చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఇంట్లో నలుగురూ ఆ బాన మీదే బతుకుతున్నారు మరి.

"వేరు వాళ్లదండీ. మాటిచ్చి తెచ్చుకున్నాను," అని బస్సెక్కేశాడు.

అది బొగ్గుతో నడిచే బస్సు. చల్లపల్లి దాటాక మొరాయించింది. "దిగి ఓ చెయ్యెయ్యండి బాబూ, టిక్కెట్టు కొన్నామని కూర్చుంటే ఇది కదలదండీ," అన్నాడు డ్రైవరు. మేమంతా తోశాం, మావయ్య మాత్రం మూట చంకలోంచి దించలేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, అవనిగడ్డ హోటల్లో అణాలతో పోయే భోజనం చేసి, అక్కడ ఎడ్లబండి మాట్లాడుకున్నాం. కోడూరు దాటాక రోడ్డంతా ఇసుకే. పొద్దువాలుతుండగా చేరాం.

నాగమ్మ చీర విప్పి, అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. "మీ నాన్న అద్దిన చీర కట్టుకునే నేను పీటల మీద కూచున్నా నాయనా. ఇదే ఎరుపు. మళ్లీ చూస్తాననుకోలా." మావయ్య తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

"ఇప్పుడేం అద్దుతున్నావు?" అని అడిగిందావిడ.

"ఏం లేదత్తా. బాన బోర్లించేశాను."

ఆవిడ పెరట్లోకి వెళ్లి, గుప్పెడు చిరివేరు విత్తనాలు తెచ్చి మావయ్య కండువా కొంగున ముడేసింది.

ఆ విత్తనాలు పెడన నల్లమట్టిలో మొలవలేదు. యుద్ధం ముగిసింది, పొడి మళ్లీ వస్తోంది, సుంకాలు మారాయంటున్నారు. అయినా మా పెరట్లో బాన కింద పొయ్యి మళ్లీ వెలగలేదు. పండగలప్పుడు అద్దకం బట్టలు ఉతికిన నీళ్లతో వీధి కాలవంతా ఎర్రగా పారడం చూసి పెరిగినవాణ్ణి నేను. ఆ నీళ్లంటే ఇప్పటికీ బెంగ. మీరూ అటు వెళ్తే కోడూరులోనే మంచినీళ్లు నింపుకోండి, ఆ పైన దొరికేవన్నీ ఉప్పునీళ్లే. సముద్రం పక్క పల్లెలో ఏ దండెం మీదైనా ఎర్రంచు చీర ఆరేసి ఉంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. మా మావయ్య ఆఖరుసారి అద్దిన చీర అదే కావచ్చు.