ఒసాకాలో మా మధ్యాహ్న భోజనాలు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇంటికి వచ్చి, ఆఫీసు పని మీద రెండు వారాలు ఒసాకా వెళ్తున్నానని చెప్పి, పెద్ద సూట్‌కేసు కోసం మా బేస్‌మెంట్‌లోకి దిగుతూ దిగుతూ మెట్ల మీద ఆగింది.

"నాన్నా, అక్కడ మీరు లంచ్‌కి ఎక్కడికి వెళ్ళేవాళ్ళు? చీప్‌గా, బాగుండే ప్లేసెస్ ఏమైనా ఉంటే చెప్పు, నోట్ చేసుకుంటా," అంది.

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన్ని ఆ మాట అడిగావా? ఇంక ఈ ఆదివారం చాలదు," అని నవ్వింది. నిజంగానే చాలలేదు. తను పుట్టిన ఊరే అయినా మా అమ్మాయి ఆ ఊరు వదిలేనాటికి ఏడు నెలల పసిగుడ్డు. దానికి కెనడాలో మేముండే ఈ ఓక్‌విల్ తప్ప వేరే ఊరు ఊరుగా తెలియదు. దానికి చెప్పింది కొంత, చెప్పకుండా నాలోనే ఉండిపోయింది కొంత. ఉద్యోగ విరమణ చేసి, పగటిపూట భోజనానికి గడియారం చూసుకోవలసిన అవసరం లేకుండా బతుకుతున్న నా ఈడు వాళ్ళతో ఆ ఉండిపోయింది చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

కర్నూలులో పెరిగి, హైదరాబాదులో చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసుకునే నన్ను ఒసాకా పంపించినప్పుడు నాకు వచ్చిన జపనీసు నాలుగు మాటలు, అవి కూడా క్షమించమని వేడుకునేవే. మొదటి పది రోజులూ మధ్యాహ్నం పూట అరటిపళ్ళు, బ్రెడ్డు తిని, కిటికీలోంచి వీధిలో గుంపులుగా కదిలే టైలు కట్టుకున్న జనాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. అది గమనించిన పక్క కుర్చీ పెద్దాయన ఒక రోజు నా చేతిలో అరటిపండు తీసి బల్ల మీద పెట్టి, రమ్మని సైగ చేసి తీసుకుపోయాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడేవాడు, ఆఫీసులో ఎవరితోనూ అవసరానికి మించి పలకనివాడు, భోజనం దగ్గర మాత్రం గురుకులం నడిపాడంటే నమ్మండి.

ఆయన నేర్పిన విద్య ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. రాత్రిపూట మనలాంటి వాళ్ళం గడప తొక్కలేని పెద్ద హోటళ్ళే మధ్యాహ్నం అదే వంటవాడి చేత, అదే పొయ్యి మీద వండించి నాలుగో వంతుకి పెడతాయి కాబట్టి బోర్డు మీది ధరకి జడిసి పారిపోకూడదు. గాజు అద్దాల వెనక మైనంతో చేసిన బొమ్మ వంటకాలు ఎంత మెరిస్తే అంత అనుమానించాలి. ఏ రోజు వంటకం ఆ రోజు చేత్తో రాసి తలుపు పక్కన నిలబెట్టిన పలక కనిపిస్తే మారుమాట లేకుండా లోపలికి పోవాలి. ఎత్తయిన ఆఫీసు భవనాల్లో పై అంతస్తుల మీద ఆశ పెట్టుకోక నేలమాళిగలోకి దిగాలి, దిగడం కూడా పదకొండూ నలభైకల్లా దిగాలి, ఎందుకంటే పన్నెండు దాటితే ఆ మెట్ల మీద బారు మొదలవుతుంది. ఒక నల్లని పళ్ళెం, అందులో వేడి అన్నం గిన్నె, మూతపెట్టిన సూపు, రెండు రకాల కూరలు, నాలుగు ఊరగాయ ముక్కలు, అడగకుండానే టీ. అన్నం రెండోసారి అడిగితే విసుక్కోకపోగా, మన పెళ్ళిళ్ళలో కొసరి కొసరి వడ్డించే పెద్దమ్మల్లా సంతోషించేవాళ్ళు. నేను చేపా కోడీ తినేవాణ్ణి కనుక ఆర్నెల్లలో ఆ చుట్టుపక్కల నాకు తెలియని భోజనం లేకుండా పోయింది. ఇంటికి రాసిన ఉత్తరాల నిండా అవే కబుర్లు.

ఆ కబుర్లు చదివి మురిసిపోయి మా ఆవిడ వచ్చింది. తణుకు పిల్ల, గుడ్డు కూడా ముట్టదు. తను వచ్చాక తెలిసింది నా విద్య అంతా ఎంత పనికిరానిదో. ఆకుకూర అని తెచ్చిందాని మీద ఎండుచేప తురుము, కూరగాయల పులుసు అన్నదాంట్లో ఎండుచేప కాచిన నీళ్ళు. పక్క కుర్చీ పెద్దాయన చేత, "ఈమె మాంసం, చేప, గుడ్డు తినదు, చేప మరిగించిన నీళ్ళు కూడా పనికిరావు" అని ఒక కాగితం మీద రాయించుకుని తిరిగాం. చాలాచోట్ల నవ్వుతూ తలూపి లోపలికి పిలిచి, ఆ నీళ్ళే పెట్టేవారు. పాపం, వాళ్ళ తప్పు కాదు. చేప మరిగించిన నీళ్ళని కూడా చేపగా లెక్కవేయడం వాళ్ళకి తోచదు. తను ఇంట్లోనే వండుకునేది, ఎలాగో గడిచిపోయేది.

తరవాత వేవిళ్ళు మొదలయ్యాయి. పోపు వాసన పడదు, అన్నం ఉడికే వాసన అసలే పడదు. తను వంటింటి వైపు వెళ్ళలేదు, నేను వండితే భరించలేదు. మూడు వారాలకి మనిషి సగమైపోయింది. ఈ వారంలో బరువు ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించాల్సిందేనని డాక్టరు చెప్పాక, మా అత్తగారు ఫోనులో ఏడ్చి, పిల్లని పంపించేయమన్నారు. శనివారానికి టికెట్టు తీశాను. ఆ స్థితిలో రెండు విమానాలు మారి ఒంటరిగా వెళ్ళడం తనకి భయం, పంపించడం నాకు భయం, ఆ మాట ఒకరికొకరం చెప్పుకోకుండా పెట్టె సర్దుకున్నాం.

మంగళవారం ఆస్పత్రి నుంచి వస్తూ ఒక సందులో తను ఉన్నట్టుండి ఆగింది. చిన్న దుకాణం, గుమ్మానికి నీలిరంగు గుడ్డ, లోపలినుంచి వేయించిన నువ్వుల వాసన.

"ఏవండీ, ఈ వాసన బాగుందండీ. నాకు ఆకలేస్తోంది," అంది.

ఆ మాట విని ఎన్నాళ్ళయింది! తలుపు జరిపి లోపలికి వెళ్ళాం. ఎనిమిది కుర్చీలు, బల్లకి అవతల తెల్ల గుడ్డ తలకి చుట్టుకున్న అరవయ్యేళ్ళ మనిషి, ఆయన వెనక గిన్నెలు తోముతూ ఆయన భార్య. కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మా ఆవిడ మొహం ఒకసారి చూసి, రెండు ముంజేతులూ ఛాతీ ముందు అడ్డంగా కత్తెరలా పెట్టాడు. కుదరదు, అని. ఏదో గబగబా చెప్పాడు, మాకు అర్థం కాలేదని గ్రహించి కాగితం వెనక పెన్సిలుతో ఏదో రాసి రెండు చేతులతో అందించాడు. నేనది చూడను కూడా చూడకుండా జేబులో కుక్కుకుని బయటికి నడిచాను. రైల్లో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. "ఇన్నాళ్ళకి ఆకలేస్తే పొమ్మన్నారు," అంది. ఆ రోజు ఆ మనిషిని నేను మనసులో అన్న మాటలు ఇక్కడ రాయలేను.

మర్నాడు పొద్దుటి నుంచీ మీటింగులు. పన్నెండుంపావుకి బయటపడ్డాక పక్క కుర్చీ పెద్దాయన మా ఆవిడ ఎలా ఉందని అడిగితే ఉక్రోషం ఆగక, చూడండి మీ వాళ్ళు ఎలా తరిమేశారో అని ఆ కాగితం ఆయన ముందు పడేశాను. ఆయన వెనక్కి తిప్పి చదివాడు. చదివి గోడ మీది గడియారం చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"రేపు పదకొండు గంటలకి రండి, అని రాశాడు. రేపు అంటే ఇవాళ. అతను ఎదురు చూస్తున్నాడు," అన్నాడు, కుర్చీలోంచి లేచిపోతూ.

ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ, "మళ్ళీ వెళ్ళగొట్టించుకోడానికా? నేను రాను," అంది. విషయం చెప్పాక, "అయ్యో, ఆయన పదకొండు నుంచీ కూర్చున్నాడా?" అంది. లేవలేని మనిషి చీర మార్చుకుని, రైలెక్కి, స్టేషన్లో మమ్మల్ని కలిసి ఆ సందుకి చేరేసరికి రెండు కావస్తోంది. గుమ్మానికి కట్టిన నీలం గుడ్డ తీసేశారు, అంటే దుకాణం మూసినట్టే. అయిపోయిందనుకున్నాను. కానీ ఆ వంటాయన దుకాణం బయటే, తలగుడ్డ చేతిలో పట్టుకుని సందు రెండు వైపులా చూస్తూ నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తలుపు జరిపాడు.

బల్ల మీద రెండు పళ్ళేలు, మీద శుభ్రమైన బట్ట కప్పి. సూపు మళ్ళీ వేడిచేస్తూ వంటాయన చెప్పిందంతా పక్క కుర్చీ పెద్దాయన మాకు విడమరిచాడు. నిన్న తన దగ్గర ఉన్న ప్రతి గిన్నెలోనూ చేప నీళ్ళే ఉన్నాయట. అబద్ధమాడి పెట్టడం ఇష్టం లేకపోయిందట. సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు రాత్రంతా నానితే గానీ సూపుకి రుచి రాదు కనుక ఒక రోజు గడువు కావలసి వచ్చిందట. చిన్నతనంలో ఒక బౌద్ధ మఠం వంటశాలలో మూడేళ్ళు పనిచేశాడట, అక్కడ అంతా శాకాహారమేనట. నలభై ఏళ్ళుగా ఎవరూ అడగక ఆ వంటలు మరిచిపోయాననుకున్నాడట.

నువ్వులు నూరి కలిపిన పాలకూర, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ, నిప్పుల మీద కాల్చి తొక్క తీసి అల్లం తురిమి పెట్టిన వంకాయ. మా ఆవిడ ఆ వంకాయ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను తినడం మరిచిపోయి తనవైపే చూస్తున్నాను, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు పరుగెడుతుంది అని. లేవలేదు. వంటాయన చూడనట్టు చూస్తూ తుడిచిన బల్లనే తుడుస్తున్నాడు. గిన్నెలో అన్నం అయిపోయాక మా ఆవిడ గిన్నె కాస్త ముందుకి జరిపి, తెలుగులోనే, "ఇంకొంచెం పెడతారా?" అని అడిగింది. ఆయన భార్యకి ఏ భాషా అక్కర్లేకపోయింది.

శనివారం విమానానికి మేము వెళ్ళలేదు.

అప్పటి నుంచి నెలలు నిండేదాకా మా ఆవిడ దుకాణం తెరవకముందు పదకొండింటికి వెళ్ళి ఆ చివరి కుర్చీలో కూర్చుని భోంచేసేది. తన ఒక్కదాని కోసం వేరే సూపు, వేరే గిన్నె. డబ్బు మాత్రం బయట పలక మీద రాసిన ధరే. ఎక్కువ ఇవ్వబోతే ఆయన మళ్ళీ ఆ కత్తెర చేతులు పెట్టేవాడు, ఈసారి నవ్వుతూ. అమ్మాయి పుట్టాక ఐదో నెలలో అన్నప్రాశన ఎక్కడ చేద్దామన్న ప్రశ్న మా ఇద్దరికీ రానేలేదు. వాళ్ళకీ అలాంటి ఆచారమే ఉందట, కాకపోతే నూరో రోజున చేస్తారట, అప్పటికే ఆలస్యమైందని ఆయన భార్య మమ్మల్ని మందలించింది. ఒక సెలవు దినం దుకాణం మూసి, మా ఆవిడ ఇంటి నుంచి పరమాన్నం తెస్తే, వంటాయన భార్య మెత్తటి గంజన్నం చేసింది. పక్క కుర్చీ పెద్దాయన మేనమామ స్థానంలో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కదిలితే పడిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాడు. పిల్ల పరమాన్నం ఉమ్మేసి గంజన్నం చప్పరించింది. వంటాయన ఆ రోజంతా మనిషి నేల మీద లేడు.

రెండు నెలల తరవాత నా ఉద్యోగం మీద మేము అమెరికాకి, అక్కడి నుంచి కొన్నాళ్ళకే కెనడాకి వచ్చేశాం. ప్రతి కొత్త సంవత్సరానికీ ఆ దుకాణం నుంచి ఒక కార్డు వచ్చేది. పదో ఏడో పన్నెండో ఏడో అది ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆ తప్పు ఒప్పుకోవాలి. పొమ్మన్నాడనుకుని ఆయన్ని నేను తిట్టుకున్న సంగతి కూడా ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆకలేస్తే ఫోను తీసి, శాకాహారం అన్నచోట ఒక గడి నొక్కితే చాలు, అరగంటలో సంచీ గుమ్మం ముందు ఉంటుంది. తెచ్చినవాడు మెట్లు దిగేదాకా తలుపు తియ్యం. ఎవరూ లేదనరు, ఎవరూ రేపు రమ్మనరు, మన కోసం ఎవరూ రాత్రి ఏదీ నానబెట్టరు. సుఖమే, కాదనను, ఈ చలిలో నేనూ అలాగే తెప్పించుకుంటాను. కానీ భాష రాని ఊళ్ళో, తెలియని గుమ్మంలో నిలబడి, మాకు ఇది పడదు, ఇది తింటాం, దయచేసి పెట్టండి అని చెప్పుకోవలసి రావడం అప్పట్లో ఎంత చిన్నతనంగా అనిపించేదో, ఇప్పుడు అంత భాగ్యంగా తోస్తోంది. మా ఆకలి ఇంకొక మనిషికి తెలిసేది.